గ్యారేజీలో విమానం: కొన్న పనిముట్లు, నిజంగా వాడిన పనిముట్లు

మా గ్యారేజీలో కారు పెట్టి మూడేళ్లయింది. రెండు కార్లూ బయటే ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో పడే వడగళ్లకి రెండింటి టాపులూ సొట్టలు పడ్డాయి. "బయట దేవుడు ఉచితంగా సొట్టలు పెడుతున్నాడు, లోపల మీరు మిషన్ కొని మరీ పెడుతున్నారు" అంటుంది మా ఆవిడ. కాదనలేను.

నేను కడుతున్నది ఆర్‌వీ-7. ఒరెగాన్ రాష్ట్రం అరోరాలో ఉన్న వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ల కిట్. ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న విమానం. దాదాపు అంతా అల్యూమినియం రేకే, దాన్ని పట్టి ఉంచేవి రివెట్లే, అంటే ఒకవైపు తల, రెండోవైపు తోక ఉన్న చిన్న మేకులు; బెజ్జంలోంచి బయటికొచ్చిన తోకని నలగ్గొడితే రేకులు కలిసి ఉండిపోతాయి. సగానికి పైగా పని మన చేత్తో మనమే చేసుకున్నామని చూపిస్తే ఇక్కడి విమానయాన శాఖ ఎఫ్ఏఏ వాళ్లు దానికి ఎక్స్‌పెరిమెంటల్ అనే కోవ కింద సర్టిఫికెట్ ఇస్తారు. తోక అయిపోయింది, ఎడమ రెక్క మూసేశాను, కుడి రెక్క స్టాండు మీద ఉంది. పగలంతా నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదలుపెట్టేనాటికి రేకు పనిలో ఓనమాలు కూడా రావు. మా నాన్నకి మాత్రం వచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశారు. కిందటేడు ఆర్నెల్లు ఇక్కడ ఉండి వెళ్లారు. ఆయన మాట ముందు ముందు వస్తుంది.

ఈ మధ్య మనవాళ్లు నలుగురైదుగురు ఒకటే ప్రశ్న అడిగారు: టూల్ కిట్ మొత్తం ఒకేసారి కొనెయ్యాలా, విడివిడిగా కొనుక్కోవాలా? అయోవాలోని క్లీవ్‌ల్యాండ్ ఎయిర్‌క్రాఫ్ట్ టూల్ వాళ్ల దగ్గర, ఎయిర్‌క్రాఫ్ట్ స్ప్రూస్ దగ్గర ఆర్‌వీ కట్టేవాళ్ల కోసమే కూర్చిన సెట్లు దొరుకుతాయి. ధర వేల డాలర్లలోనే ఉంటుంది. నేను సగం సెట్టు, సగం విడిగా కొన్నాను. డబ్బు పోగొట్టుకున్నది రెండో సగంలోనే. ఎందుకంటే చవక అని చూసి కొన్నవన్నీ అందులోనే ఉన్నాయి.

ఏది కొనాలో తేల్చుకోవాలంటే ముందు ఒక్క బెజ్జం సంగతి చూడండి. కిట్‌లో రేకులు బెజ్జాలతోనే వస్తాయి, కాకపోతే అసలు సైజుకి కాస్త తక్కువగా. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి క్లీకోలతో, అంటే రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే క్లిప్పులతో, బిగించాలి. నలభయ్యో నంబరు డ్రిల్‌తో అసలు సైజుకి తెరవాలి. క్లీకోలు పీకి, రేకులు విడదీసి, బెజ్జానికి రెండు వైపులా గరుకు తీయాలి. రివెట్ తల దిగడానికి బెజ్జం చుట్టూ సొట్ట పెట్టాలి. తుడిచి ప్రైమర్ కొట్టాలి. మళ్లీ క్లీకోలు. అప్పుడు రివెట్. ఆ పైన గేజి పెట్టి చూసుకోవడం. ఇలాంటి బెజ్జాలు ఈ విమానంలో పదివేలు దాటతాయి. అంచేత ప్రతి బెజ్జం దగ్గరికీ వెళ్లే పనిముట్టు మీద డబ్బు పెట్టండి. ఏడాదికి రెండుసార్లు బయటికొచ్చేదాన్ని ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. ఈ ముక్క నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పుంటే ఏడెనిమిది వందల డాలర్లు మిగిలేవి.

క్లీకో అంటే తెలియనివాళ్ల కోసం: చిటికెన వేలంత గొట్టం, లోపల స్ప్రింగు, చివర సూదుల్లాంటి రెండు కాళ్లు. పట్టకారుతో నొక్కితే కాళ్లు సన్నబడి బెజ్జంలో దూరతాయి, వదిలితే విచ్చుకుని రేకుల్ని పట్టేస్తాయి. రంగును బట్టి సైజు: వెండి రంగుది 3/32 అంగుళం, రాగి రంగుది 1/8, నల్లది 5/32. మా పాపకి తొమ్మిదేళ్లు. రంగుల వారీగా డబ్బాల్లో సర్దే డ్యూటీ దానిదే, గంటకి ఒక డాలర్ జీతం. మొదట వెండి రంగువి మూడు వందలు కొన్నాను. రెక్క రేకు పరిచిన రోజు అవి మూల కూడా చాల్లేదు. ఆరు వందలకి తక్కువ ఉంటే పని సాగదు. ఇవి కొత్తవే కానక్కర్లేదు. విమానం పూర్తిచేసుకున్న పెద్దాయన ఒకరు మా ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) చాప్టర్ మీటింగులో బకెట్ నిండా అమ్మితే తెచ్చుకున్నాను. కొనేటప్పుడు గుప్పెడు తీసి కాళ్లు వంకరపోయాయేమో చూస్తే చాలు. గాలితో నడిచే క్లీకో గన్ కూడా కొన్నాను, అది మాత్రం శుద్ధ దండగ. గొట్టం ఒకటి వెనకాల ఈడ్చుకుంటూ తిరగాలి. పాత పట్టకారు పిడికి రబ్బరు తొడుగు వేసుకుంటే అరచెయ్యి బొబ్బలెక్కదు, పనీ అంతే వేగంగా అవుతుంది.

డ్రిల్ గురించి జనం పోట్లాడుకుంటారు గానీ నాకు అంత తేడా కనిపించలేదు. గాలి డ్రిల్ తేలిక, వేగం ఎక్కువ. బ్యాటరీ డ్రిల్‌కి చప్పుడు తక్కువ. పదునైన బిట్లు డజను పెట్టుకుని మొద్దుబారగానే పారేస్తూ ఉంటే ఏదైనా ఒకటే.

గరుకు తీయడం దగ్గర మాత్రం ఆగాలి. డ్రిల్ దిగిన ప్రతి బెజ్జం అంచునా సన్నటి ముళ్లు లేస్తాయి. వాటిని తీయడానికి వంకర పిడి ఉన్న చేతి పనిముట్టు దొరుకుతుంది. దాని ముక్కుకి కౌంటర్‌సింక్ అనే శంకువు ఆకారపు బిట్ బిగించుకుని, బెజ్జంలో ఆనించి పిడిని తిప్పాలి. రెండు తిప్పులు చాలు. మూడోది తిప్పారంటే బెజ్జం అంచు కత్తిలా పలచబడుతుంది. దీని ధర పాతిక ముప్పై డాలర్లు. మూడేళ్లలో దీన్ని వాడినంతగా ఇంకేదీ వాడలేదు.

రేకుల అంచులకి వేరే సాధనం కావాలి. ఇక్కడే నాన్న వచ్చారు. జెట్‌లాగ్ తీరక తెల్లారి నాలుగింటికి లేచి గ్యారేజీలో లైటు వేసుకుని కూర్చున్నారు. నేను కాఫీ తీసుకెళ్లేసరికి రెక్క లోపలి పక్కటెముకల్లాంటి ముక్కలు, వాటిని రిబ్బులంటారు, నేను అయిపోయాయని పక్కన పెట్టినవన్నీ మళ్లీ బల్ల మీద పరిచి ఉన్నాయి. ఒక్కొక్కదాని అంచు వెంట బొటనవేలి గోరు లాగుతున్నారు.

"ఒరే అబ్బాయ్, గోరు తగులుతోందిరా."

"ఎక్కడ నాన్నా?"

"అన్నిచోట్లా."

నా గోరు పెట్టి లాగాను. నున్నగానే అనిపించింది. ఆయన నా వేలు పట్టుకుని ఇంకోసారి, మెల్లగా లాగించారు. వంపు దగ్గర ఒక్కచోట చిన్న మెట్టులా టిక్కుమంది. బస్సుకైతే ఏమవుతుంది నాన్నా అని అడిగితే, "బస్సుకైతే క్లీనరు చెయ్యి తెగుద్ది. దీనికేమవుద్దో నువ్వే చదువుకున్నావుగా" అన్నారు. చదివాను. ఇంజిను తిరుగుతున్నంతసేపూ రేకు వణుకుతూనే ఉంటుంది. అలా వణికే రేకులో పగులు మొదలయ్యేది ఇలాంటి చిన్న గాటు దగ్గరే.

అప్పటిదాకా నేను అంచులకి ఆకురాయి, గరుకు కాయితం వాడుతున్నాను. ఆ వారమే ఆరంగుళాల స్కాచ్‌బ్రైట్ చక్రం తెప్పించి బెంచ్ గ్రైండర్‌కి బిగించాను. గిన్నెలు తోమే పీచుది ఇదే పేరు, కానీ ఇది గట్టిగా నొక్కిన చక్రం. చక్రం ఒక్కటే వంద డాలర్ల లెక్కలో ఉంటుంది. ధర చూసి మొదట వెనక్కి తగ్గి ఏడాదిపాటు వేళ్లు అరగదీసుకున్నాను. ఇది అల్యూమినియాన్ని కొయ్యదు, పాలిష్ చేసినట్టు అంచుని గుండ్రం చేస్తుంది. ఒక్కో రిబ్బుకి పది నిమిషాలు పట్టే పని నిమిషంలో అయింది. నాన్న దాన్ని వదల్లేదు. మధ్యాహ్నం భోజనానికి మా ఆవిడ రెండుసార్లు పిలవాల్సి వచ్చేది. ఒక్క జాగ్రత్త: అల్యూమినియానికి వాడే చక్రం మీద ఇనుప ముక్క ఆనించొద్దు. ఇనుప రజను చక్రంలో ఇరుక్కుని, తర్వాత రేకుల్లోకి ఎక్కి తుప్పుకి దారి చేస్తుంది. ఎప్పుడూ ఒకేచోట ఆనిస్తే గాడి కూడా పడుతుంది. మాదానికి పడింది.

ఇక సొట్టలు. రెక్క పైన రివెట్ తల బొడిపెలా లేవకూడదు, గాలికి అడ్డం. అందుకని తల కిందివైపు నూరు డిగ్రీల కోణంతో వాలుగా ఉండే రివెట్ వాడతారు, ఏఎన్426 అంటారు. ఆ తల దిగడానికి రేకులో గుంట ఉండాలి. చెక్కుదామంటే రేకు పలచన. కాబట్టి రెండు అచ్చుల మధ్య పెట్టి నొక్కి, బెజ్జం చుట్టూ రేకునే లోపలికి దింపుతారు. సరిగ్గా పడిన సొట్ట పసిపాప బుగ్గ మీద సొట్టలా ఉండదు. చుట్టూ రేకు అద్దంలా చదునుగా ఉండి, గుంట అంచు మాత్రం గీత గీసినట్టు తెలియాలి. చుట్టూ రేకు మెత్తగా కుంగినట్టు కనిపిస్తే నొక్కింది చాల్లేదని అర్థం.

ఈ అచ్చుల దగ్గరే నేను మోసపోయాను. ఆన్‌లైన్‌లో ఒక దుకాణంలో మంచి అచ్చుల ధరలో మూడో వంతుకే సెట్టు కనిపించింది. అచ్చు అచ్చే కదా అనుకున్నాను. రడ్డర్ అంటే తోకలో నిలువుగా ఉండి పక్కలకి తిరిగే భాగం, దాని రేకు మందం 0.016 అంగుళం, అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక వరస మొత్తం నొక్కి, లైటుకి అడ్డంగా పట్టుకుని చూస్తే ప్రతి సొట్ట చుట్టూ చిన్న ఉంగరం గుర్తు. అచ్చు అంచు నున్నగా తిప్పలేదు, రేకులోకి దిగబడుతోంది. భూతద్దం పెట్టి చూస్తే రెండు బెజ్జాల దగ్గర వెంట్రుకంత పగుళ్లు. రేకు మొత్తం పక్కన పడేసి కొత్తది తెప్పించుకున్నాను. రేకు, రవాణా, పెద్ద పెట్టె ఖర్చు కలిపితే మొదటే కొనాల్సిన మంచి అచ్చుల ధరకి డబుల్ అయింది. పిండి కొద్దీ రొట్టె. ఆ పాడైన రేకు వృథా పోలేదు లెండి, ఇప్పటికీ కొత్త పని ఏదైనా ముందు దాని మీదే ప్రాక్టీసు. తర్వాత క్లీవ్‌ల్యాండ్ వాళ్ల అచ్చులు తీసుకున్నాను. ముఖం అద్దంలా ఉంటుంది. ఇప్పటివరకు వేల సొట్టలు పెట్టాను, ఉంగరం గుర్తు ఒక్కటి లేదు.

అచ్చుల్ని నొక్కడానికి రెండు దార్లున్నాయి. ఒకటి సీ-ఫ్రేమ్: సీ ఆకారంలో ఇనుప చట్రం, కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, సుత్తితో ఒక్క దెబ్బ. చవక, సొట్ట కూడా బాగా పడుతుంది. కానీ ఆ చప్పుడు! నాకు టైము దొరికేది పాప పడుకున్నాక. రెండో రోజు రాత్రే పక్కింటాయన వచ్చి చాలా మర్యాదగా తలుపు కొట్టాడు. రెండోది డీఆర్‌డీటీ-2 అనే మీట మిషన్. చెరుకు రసం బండి వాడు హ్యాండిల్ మీద బరువు వేసినట్టు మీటని కిందికి దించితే సొట్ట పడుతుంది. చప్పుడు లేదు, సుత్తి లేదు. ఇంట్లో అందరూ నిద్రపోతుండగా ఒక్క రాత్రిలో నాలుగు వందల సొట్టలు పెట్టాను. సుత్తితో అయితే సాధ్యమయ్యేది కాదు.

దీనికి లోపాలు లేవని కాదు. మొదట సెట్ చేయడంలో ఓపిక కావాలి. రెండు అచ్చులూ గట్టిగా కలిసి, ఆ పైన చట్రం కాస్త వంగేదాకా మీట దిగాలి. భయపడి వదులుగా పెడితే మెత్తటి సొట్టలు పడతాయి. బరువు కూడా ఎక్కువ, ఒకచోట పెట్టాక కదపలేరు. చుట్టూ అదే ఎత్తులో బల్ల కట్టి పాత కార్పెట్ పరిచాను, రేకు గీసుకుపోకుండా. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నిద్రమత్తు. కింది అచ్చు మధ్యలో పైకి పొడుచుకొచ్చి ఉండే ముల్లు బెజ్జంలో కూర్చుందని చేతికి తెలియాలి. ఒకసారి పదకొండున్నరకి, ముల్లు బెజ్జం పక్కన ఉండగానే మీట దించేశాను. సుత్తి అయితే దెబ్బ వేసే ముందు క్షణం ఆగుతాం. దీనికి ఆ క్షణం కూడా లేదు, మీట వెన్నలోకి కత్తి దిగినట్టు దిగిపోయింది. రేకులో ఎనిమిది అంకె ఆకారంలో జంట బెజ్జం. దానికి లోపలి నుంచి చిన్న అతుకు వెయ్యాల్సి వచ్చింది. అప్పటినుంచి పదిన్నర తర్వాత ఈ మిషన్ ముట్టుకోవడం లేదు. అయినా పది మార్కులకి తొమ్మిది ఇస్తాను.

రేకుల అంచుల దగ్గర రివెట్లు కొట్టక్కర్లేదు, నొక్కొచ్చు. దానికి స్క్వీజర్. చేతిది ఒకటి, గాలిది ఒకటి. 3/32 సైజు రివెట్లకి చేతి స్క్వీజర్ హాయి. 1/8 సైజువి వరసగా ఇరవై నొక్కేసరికి మోచేతులు పట్టేస్తాయి. తోక మొత్తం చేతిదానితో చేసి, రెక్క పొడవునా ఉండే దూలం, అంటే స్పార్‌కి వచ్చేసరికి గాలిది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. సుఖం అలవాటైతే వెనక్కి పోలేమంటారే, అదే. రివెట్‌కి తగిలే ముక్కని సెట్ అంటారు; దాన్ని పట్టి ఉంచే హోల్డర్ తిప్పితే పొడవు మారేది తప్పకుండా తీసుకోండి. లేకపోతే ప్రతి సైజుకీ పలచటి బిళ్లలు పెట్టి తీసి పెట్టి తీసి ప్రాణం పోతుంది. అలాగే ఎడమ చెయ్యి ఎక్కడుందో చూసుకోకుండా మీట నొక్కొద్దు. దానికి రివెట్ ఏదో వేలు ఏదో తెలియదు.

మధ్యలో ఉండే రివెట్లకి స్క్వీజర్ అందదు. అక్కడే అసలు సంసారం: ఒకళ్లు బయటినుంచి గాలితో నడిచే రివెట్ గన్ పట్టుకోవాలి, ఇంకొకళ్లు లోపలినుంచి దిమ్మె ఆనించాలి. కమ్మరి దాగలి చేసే పనే ఈ దిమ్మెది, బకింగ్ బార్ అంటారు. గన్ రివెట్ తలమీద టకటకా కొడుతుంటే ఇవతల రివెట్ తోక దిమ్మెకి తగిలి నలిగి బొడిపె అవుతుంది. ఆ బొడిపె వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. 3/32 రివెట్ అయితే ఎత్తు 0.047 అంగుళం. కంటితో చూసి చెప్పడం మొదట్లో కుదరదు. బెజ్జాలున్న చిన్న రేకు గేజి పది పదిహేను డాలర్లకే వస్తుంది, తాడు కట్టి మెళ్లో వేసుకోండి.

గన్ విషయంలో 3ఎక్స్ అనే సైజు తీసుకున్నాను, 2ఎక్స్ అయినా నడిచేది. గన్ బ్రాండు కన్నా దాని మెడ దగ్గర బిగించే, గాలి ఒత్తిడి తగ్గించే చిన్న రెగ్యులేటర్ ముఖ్యం. చిన్న రివెట్లకి ముప్పై, నలభై పీఎస్ఐ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. నేను మొదటి రోజు కంప్రెసర్ ఎంతిస్తే అంత వదిలాను. గన్ ముక్కు జారి రివెట్ పక్కన రేకు మీద చంద్రవంక గాటు పడింది. ఆర్‌వీ వాళ్లు దాన్ని స్మైలీ అంటారు. నవ్వుతున్నట్టే ఉంటుంది, మనకి మాత్రం ఏడుపొస్తుంది. గన్ ముక్కుకి, చుట్టూ రబ్బరు అంచు ఉండి ఎటైనా వాలే స్వివెల్ సెట్ వేసుకున్నాక అలాంటివి దాదాపు ఆగిపోయాయి. దాని ధర ఆ గాటు పూడ్చుకునే బాధ ముందు లెక్కే కాదు.

దిమ్మె మొదట ఇనుపది కొన్నాను. పట్టుకునేది మా ఆవిడ. పది రివెట్లకే "ఏవండీ, ఇది చేతిలో ఎగురుతోంది, నా వల్ల కాదు" అని కింద పెట్టేసింది. గన్ దెబ్బకి దిమ్మె వెనక్కి తన్నుతుంది, దాన్ని ఆపాలంటే బరువు కావాలి, పెద్ద దిమ్మె తీసుకుందామంటే రిబ్బుల సందుల్లో దూరదు. టంగ్‌స్టన్ దిమ్మెలు ఉన్నది ఇందుకే. ఇనుముకి రెండింతలు దాటిన బరువు అంతే సైజులో. సబ్బుబిళ్ల కన్నా చిన్నది, చేతిలో పెడితే చెయ్యి కిందికి జారిపోతుంది. నూట యాభై డాలర్లు దాటింది. ఈ రివ్యూలో ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలి అని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఆ రోజు నుంచి మా ఆవిడ దాన్ని వంటింటి గట్టు మీద పెట్టుకుంటుంది, నేను పోగొడతానని. రెక్క చివర ఇరుకు సందుల్లో తన చెయ్యి కూడా దూరనిచోట మా పాప పట్టుకుంది. చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని "రెడీ నాన్నా" అని అరిచేది. దాని తొమ్మిది రివెట్లూ గేజికి సరిపోయాయి. నావి ఆ రోజు రెండు పోయాయి.

పోయిన రివెట్ తీయడం కూడా ఒక విద్యే. తల నడిమధ్యలో డ్రిల్ పెట్టి తల లోతు వరకే దించి, సన్నటి పంచ్‌తో తలని విరిచి, తోకని వెనక్కి తట్టాలి. బెజ్జం పెద్దదైపోతే ఊప్స్ రివెట్ అని ఉంది, అసలు పేరు ఎన్ఏఎస్1097. ఒళ్లు లావు, తల చిన్నది, అదే సొట్టలో కూర్చుంటుంది. పావు కిలో అయినా తెప్పించి ఉంచుకోండి. నాకు అవసరం రాదులే అనుకునేవాళ్లకే ముందు అవసరమవుతుంది.

ఒంటరిగా పనిచేసేవాళ్లకి శుభవార్త బ్యాక్ రివెటింగ్ పలక. బల్లలో సమానంగా దిగేసిన ఇనుప పలక, అంతే. రివెట్ తలల మీద టేపు అంటించి, రేకుని పలక మీద బోర్లించి, తోక వైపు నుంచి గన్‌తో కొట్టాలి. తోడు అక్కర్లేదు, స్మైలీ పడదు, పై రేకు అద్దంలా వస్తుంది. రడ్డర్‌కీ, తోకలో అడ్డంగా ఉండి పైకీ కిందికీ కదిలే ఎలివేటర్‌కీ రేకుల లోపలి పట్టీలన్నీ ఇలాగే వేశాను. పలక అంచు ఎక్కడ అయిపోతుందో మార్కరుతో గీసుకోండి. పలక దాటి చెక్క మీద కొడితే రేకు లోపలికి కుంగిపోతుంది. ఎలా తెలుసని అడక్కండి.

కుచ్చిళ్ల పట్టకారు గురించి ఒక్క మాట. రిబ్బు అంచు వంచినప్పుడు రేకు ఒకవైపు ఎక్కువై మొత్తం ముక్క అరటికాయలా వంగుతుంది. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య ఈ పట్టకారుతో చిన్న కుచ్చిళ్లు పెడితే తిన్నగా వస్తుంది. మా అమ్మ ఫోన్లో చూసి "చీరకి పెట్టినట్టే ఉందే" అంది. అంతే మరి. చవకది కూడా పనికొస్తుంది.

ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్ దగ్గర నాన్నకీ నాకూ మాట పట్టింపు వచ్చింది. విమానంలో ఎక్కువగా వాడే ఏఎన్3 బోల్టు మందం 3/16 అంగుళం. దాని నట్టుకి ఇరవై నుంచి పాతిక అంగుళం-పౌండ్ల బిగింపు చాలు. కార్లకి వాడే రెంచ్ అడుగు-పౌండ్లది, అంత తక్కువ బిగింపు దాని లెక్కలోకే రాదు. నేను చిన్న రెంచ్‌తో టిక్కుమనగానే ఆపేస్తుంటే నాన్న నమ్మలేదు. "ఇంకో పావు తిప్పు తిప్పరా, ఊడిపోద్ది" అని ఆయన పాత స్పానర్ తీశారు. నేను వద్దన్నాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు అదే సైజు బోల్టు ఒకటి చెక్క ముక్కలో బిగించి ఇచ్చి, "మీ లెక్క ప్రకారం బిగించండి నాన్నా" అన్నాను. బిగించారు. బోల్టు మెడ దగ్గర తెగి చేతిలోకి వచ్చింది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వేరే సరుకు" అని జేబులో వేసుకున్నారు. విజయవాడ తీసుకెళ్లారనుకుంటా.

కొని వాడనివి: క్లీకో గన్ సంగతి చెప్పాను. బెజ్జం మీద బెజ్జం గుర్తుపెట్టే పట్టీలు నాలుగు సైజుల్లో కొన్నాను. కిట్‌లో బెజ్జాలు ముందే ఉంటాయి కాబట్టి ఒక్కసారి కూడా పనిపడలేదు. ఖరీదైన యాంగిల్ డ్రిల్ కొనబోయి ఆగి, చాప్టర్‌లో ఒకాయన దగ్గర వారం తెచ్చుకున్నాను. ఓ శనివారంతో పని తీరిపోయింది. బల్లలు కొననే వద్దు. ఈఏఏ చాప్టర్ 1000 వాళ్ల ప్లాను ప్రకారం ప్లైవుడ్‌తో రెండు కట్టుకుంటే చాలు, అవి రెండూ కలిపితే రెక్క పడుతుంది. కంప్రెసర్ మాత్రం చిన్నది కొని తప్పు చేశాను. గన్ ఐదు నిమిషాలు నడిస్తే అది పది నిమిషాలు అరుస్తుంది. ఆగస్టులో తలుపు మూసిన గ్యారేజీలో దాని పక్కన నిలబడితే చెమటా చప్పుడూ పోటీ పడతాయి. ఇప్పుడది సైడు గోడ బయట చిన్న షెడ్డులో ఉంది, వారం వారం కింది కుళాయి తిప్పి దాని ట్యాంకులో చేరిన నీళ్లు వదులుతున్నాను.

ఫ్యూజ్‌లాజ్, అంటే మనుషులు కూర్చునే విమానం ఒళ్లు, దాని పెట్టె వచ్చే నెల వస్తుంది. దానికి కొత్తగా ఏం కొనాలో రాసుకుంటే కాయితం మీద రెండే పడ్డాయి: ఇంకో రెండు వందల వెండి క్లీకోలు, ఒక కొత్త స్కాచ్‌బ్రైట్ చక్రం. నాన్న ఫోన్ చేసి అడిగేది కూడా చక్రం గురించే. పాతదానికి గాడి పడిందన్నానని, కొత్తది వచ్చేదాకా అంచులు చెయ్యొద్దని, వీసా స్లాట్ దొరికితే ఆయనే వచ్చి చేస్తానని అన్నారు. క్లీకో గన్ ఎవరికైనా కావాలంటే చెప్పండి, సగం ధరకి ఇచ్చేస్తాను.